‘నేను షేప్ వన్, నాకెందుకు ఆ పరీక్ష?’ అంటున్నారు మా వారు

ప్రకాశం జిల్లా నుంచి ఒక సోదరి ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టొద్దని కోరారు కాబట్టి అవి వదిలేసి, విషయం వరకే ఇక్కడ చెబుతున్నాను.

ఆమెకు 37 ఏళ్లు, భర్తకు 42. ఆయన 19వ ఏట సైన్యంలో చేరి, 20 ఏళ్లు సర్వీసు చేసి, హవల్దారుగా పెన్షన్ మీద ఇంటికొచ్చి మూడేళ్లయింది. ఇప్పుడు దగ్గరి టౌనులో ఒక బ్యాంకులో గార్డుగా చేస్తున్నారు. అమ్మాయి తొమ్మిదో తరగతి, బాబు ఆరు. భర్త అన్నగారు, అంటే ఈమెకు బావగారు, ఆయన కూడా ఆర్మీలో చేసి వచ్చినవారే. నిరుడు 47 ఏళ్ల వయసులో ఆయనకు పెద్దపేగు క్యాన్సర్ అని తేలింది. హైదరాబాదులో ఆపరేషన్ చేసి, మలం బయటికి రావడానికి పొట్ట మీద సంచి పెట్టారు. కీమో ఇంకా నడుస్తోంది. డిశ్చార్జి రోజున అక్కడి డాక్టరు, తోడబుట్టిన వాళ్లందరూ కొలనోస్కోపీ, అంటే వెనక నుంచి సన్నని గొట్టం పంపి పెద్దపేగు లోపల చూసే పరీక్ష, చేయించుకోవాలని గట్టిగా చెప్పి పంపారు. అప్పటికీ ఇప్పటికీ ఏడు నెలలు దాటింది.

భర్త కదలడం లేదు. ఆర్మీ మెడికల్‌లో ఇచ్చే అన్నిటికంటే మంచి గ్రేడును షేప్ వన్ అంటారు. ‘రిటైరయ్యే రోజున కూడా నేను షేప్ వన్. ఇప్పటికీ పొద్దున్నే ఐదు కిలోమీటర్లు పరిగెడతాను. ఈ ఊళ్లో నాకంటే ఫిట్‌గా ఉన్నవాణ్ణి ఒక్కణ్ణి చూపించు’ అంటారట. ఒకటికి రెండుసార్లు అడిగితే కంచం ముందు నుంచి లేచిపోతున్నారు. అత్తగారు ‘ఆ జబ్బు పేరు ఇంట్లో ఎత్తొద్దు, ఒకడు మంచాన పడింది చాలదా’ అని కోడలినే కోప్పడుతున్నారు. మామగారు కూడా 20 ఏళ్ల కిందట ‘కడుపులో గడ్డ’తోనే పోయారని, కాగితాలేమీ లేవని రాశారు. ఉత్తరం చివర మూడు ప్రశ్నలు: ‘గ్యాస్ ట్రబుల్‌కి టెస్టు అని అబద్ధం చెప్పి తీసుకెళ్లమంటారా? పిల్లల మీద ఒట్టు వేయించుకోనా? లేక ఆయన అన్నట్టు నేనే ఊరికే టెన్షన్ పడుతున్నానా?’

అమ్మా,

మీ మూడో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. మీరు ఊరికే టెన్షన్ పడటం లేదు. ఏడు నెలలుగా ఆ ఇంట్లో ఈ విషయాన్ని గుర్తుపెట్టుకున్న మనిషి మీరొక్కరే.

నేను పేగుల స్పెషలిస్టును కాను, జనరల్ ఫిజీషియన్‌ని. అయితే చదువు అయిన కొత్తల్లో ఐదేళ్లు షార్ట్ సర్వీసులో ఆర్మీ మెడికల్ కోర్‌లో పనిచేశాను. జవాన్లకు మెడికల్ కేటగిరీ రాసిన చేత్తోనే మీకు ఈ జవాబు రాస్తున్నాను. కాబట్టి ‘షేప్ వన్’ నుంచే మొదలుపెడతాను.

షేప్ అంటే ఐదు అక్షరాలు. ఎస్ మానసిక స్థితి, హెచ్ వినికిడి, ఏ కాళ్లూ చేతులూ, పీ శరీర సామర్థ్యం, ఈ కంటి చూపు. అన్నిటికీ ఒకటి వస్తే ఆ మనిషి ఎక్కడికైనా, ఏ డ్యూటీకైనా పనికొస్తాడని అర్థం. మీ వారు దాన్ని గర్వంగా చెప్పుకోవడంలో తప్పేమీ లేదు, చెమటోడ్చి సంపాదించుకున్నది అది. కానీ ఆ గ్రేడు ఇచ్చేటప్పుడు మామూలుగా మేము చూసేది బీపీ, గుండె, ఊపిరితిత్తులు, రక్తం, మూత్రం, కళ్లు, చెవులు, కీళ్లు. ఏ ఇబ్బందీ లేదని చెప్పే 39 ఏళ్ల హవల్దారు పెద్దపేగు లోపలికి ఎవరూ తొంగి చూడరు. ఐదడుగుల దాకా పొడవుండే ఆ పేగు గురించి షేప్ వన్ అనే ముద్ర మంచీ చెప్పలేదు, చెడూ చెప్పలేదు. ఐదు కిలోమీటర్ల పరుగూ అంతే. పేగు గోడకు కందిగింజంత బుడిపె ఉంటే దానికి నొప్పి ఉండదు, ఆయాసం రాదు, పరుగు తగ్గదు. హాలీవుడ్ నటుడు చాడ్విక్ బోస్‌మన్ మీ అబ్బాయికి తెలిసే ఉంటాడు. కండలు తిరిగిన వీరుడిగా తెర మీద కనిపించిన ఆ రోజుల్లోనే ఆయనకు పెద్దపేగు క్యాన్సర్‌కి చికిత్స జరుగుతోంది. 2020 ఆగస్టులో పోయేనాటికి ఆయన వయసు 43.

ఇంకో సంగతి. ఆర్మీలో ఉన్నంతకాలం మీ వారు ఒక్క మెడికల్ కూడా ఎగ్గొట్టి ఉండరు. తేదీ వేసి పిలిచేవాళ్లు, వెళ్లి నిలబడేవారు. బయటికొచ్చాక పిలిచేవాళ్లు లేరు. మన జవాన్లలో ఎక్కువమంది 35, 40 ఏళ్లకే ఇంటికొచ్చేస్తారు. అప్పటికి ఒళ్లు గట్టిగానే ఉంటుంది, జబ్బుల గురించి ఆలోచించే వయసూ కాదు. కొత్త ఉద్యోగం, ఇంటి లోను, పిల్లల ఫీజుల హడావిడిలో ఐదారేళ్లు గడిచిపోతాయి. నేను ఎక్కువ బాధపడేది ఈ ఐదారేళ్ల గురించే. ‘మాజీ సైనికుడు’ అనగానే మనకు నెరిసిన మీసాల పెద్దాయన గుర్తొస్తాడు కానీ, స్కూటర్ మీద పిల్లల్ని బడికి దింపే 42 ఏళ్ల మనిషి గుర్తు రాడు. ఆయనకూ గుర్తు రాదు.

ఇప్పుడు మీ ఉత్తరంలో నాలుగో పేజీకి వస్తాను. అక్కడ మీరొక వాక్యం రాసి దాటిపోయారు: ‘ఎండాకాలంలో రెండు మూడుసార్లు దొడ్డికి వెళ్లినప్పుడు రక్తం పడిందన్నారు, వేడి చేసిందని సబ్జా గింజలు నానబెట్టి ఇచ్చాను, తగ్గిపోయింది.’ నేను అక్కడ ఆగిపోయాను.

మన ఇళ్లలో రక్తం పడితే మొదట వచ్చే మాట వేడి, రెండోది మొలలు. నిజానికి ఎక్కువసార్లు అది మొలలో, చిన్న పగులో అయి ఉంటుంది. కాబట్టి భయపడి ఈ రాత్రి నిద్ర పాడుచేసుకోకండి. కానీ తోడబుట్టిన అన్నకు 47 ఏళ్లకు పెద్దపేగు క్యాన్సర్ వచ్చిన మనిషికి రక్తం పడితే, దాన్ని సబ్జా గింజల లెక్కలో వేయకూడదు. తగ్గిపోయిందన్నది కూడా ధైర్యం ఇచ్చే మాట కాదు. పేగులో బుడిపెలు రోజూ రక్తం కార్చవు. ఒక వారం కనిపించి, మూడు నెలలు కనిపించకుండా ఉండొచ్చు. మొలలు ఉన్నాయని తేలినా పని అయిపోలేదు, ఎందుకంటే మొలలూ బుడిపె రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు. సర్జన్ కింద నుంచి చిన్న గొట్టంతో చూసి ‘పైల్స్ అండీ’ అని మందు రాసి పంపితే అక్కడితో తృప్తిపడొద్దు. అన్నగారి సంగతి ఆ సర్జన్‌కి తప్పకుండా చెప్పండి.

ఏ జబ్బు లక్షణమూ లేని మనిషికి ముందుజాగ్రత్తగా చేసేది స్క్రీనింగ్. రక్తం కనిపించాక చేసేది స్క్రీనింగ్ కాదు, ఆ రక్తం ఎక్కడిదో తేల్చుకోవడం. మీ వారు రెండో కోవలోకి వచ్చేశారు. ఆ రక్తం పడకపోయినా సరే, లెక్క ఆయన వైపు లేదు. తల్లిదండ్రుల్లోగానీ తోబుట్టువుల్లోగానీ ఒకరికి 60 ఏళ్లలోపు ఈ క్యాన్సర్ వస్తే, మిగిలినవాళ్లు 40 ఏళ్లకు, లేదా ఆ మనిషికి బయటపడిన వయసుకు పదేళ్ల ముందు, ఈ రెంటిలో ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ మొదలుపెట్టాలని వైద్యులు పాటించే నియమం. బావగారికి 47లో తేలింది. 47లోంచి 10 తీసేస్తే 37. మీ వారికి ఇప్పుడు 42. అంటే ఆయన తొందరపడటం కాదు, ఇప్పటికే ఐదేళ్లు ఆలస్యం.

కుటుంబంలో ఎవరికీ లేనివాళ్ల సంగతి వేరు. అమెరికాలో ఒకప్పుడు 50 ఏళ్ల నుంచి పరీక్ష చేయించుకోమనేవారు. చిన్న వయసువాళ్లలో ఈ క్యాన్సర్ పెరుగుతోందని 2018లో అక్కడి క్యాన్సర్ సొసైటీ, 2021లో ప్రభుత్వ నిపుణుల బృందం దాన్ని 45కి దించాయి. అక్కడి మాజీ సైనికుల ఆసుపత్రులు కూడా 45 నుంచే చేయించుకోమంటున్నాయి. మన దేశంలో ఈ క్యాన్సర్ అక్కడికంటే తక్కువ. ప్రభుత్వం 30 దాటినవాళ్లకు ఊరూరా చేసే క్యాన్సర్ పరీక్షల్లో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం ఉన్నాయి కానీ పెద్దపేగు లేదు. కాబట్టి ఏఎన్ఎం వచ్చి మీ తలుపు తట్టి ఈ పరీక్ష చేస్తుందని ఎదురుచూడటానికి లేదు. మన దగ్గర ఇలాంటి కుటుంబాలు తమంతట తామే కదలాలి.

ఇక మీ వారి మనసు సంగతి. మీ ఉత్తరంలో మీరు కోపంగా రాసిన ఒక సంఘటన ఉంది. ఆపరేషన్ అయిన నాలుగో రోజు మీరిద్దరూ హైదరాబాదు వెళ్లారు. నర్సు దుప్పటి తొలగించి బావగారి పొట్ట మీది సంచి మారుస్తుంటే మీ వారు ఒక్క నిమిషం చూసి, ఫోను వచ్చిందని చెప్పి బయటికి వెళ్లిపోయారు. మీరు మెట్ల దగ్గరికి వెళ్లి చూస్తే ఫోను జేబులోనే ఉంది. ఆ తర్వాత ఆయన మళ్లీ ఆ వార్డులో అడుగుపెట్టలేదు. మీకది అన్న మీద ప్రేమ లేకపోవడంలా కనిపించింది. నాకు అలా కనిపించలేదమ్మా. ఆయన ఆ మంచం మీద తనను తాను చూసుకున్నారు. ‘నేను షేప్ వన్’ అని మీ మీద అరుస్తున్నది ఆ మెట్ల మీద నిలబడిన మనిషే.

ఆయన మనసులో కొలనోస్కోపీ అంటే చివరికి ఆ సంచి. పరీక్షకు వెళ్తే సంచితో తిరిగి రావాలేమోనని భయం. నిజం దీనికి పూర్తిగా వేరు, ఇది ఆయనకు ఎవరైనా నిదానంగా చెప్పాలి. పెద్దపేగు క్యాన్సర్ చాలావరకు పాలిప్ అనే చిన్న బుడిపెగా మొదలవుతుంది. అది క్యాన్సర్‌గా మారడానికి మామూలుగా పదేళ్ల దాకా పడుతుంది. ఈ పదేళ్లలో ఎప్పుడు దొరికినా, దొరికిన చోటే, ఆ పరీక్షలోనే తీసేయొచ్చు.

ఒకసారి మా ఆసుపత్రిలో స్పెషలిస్టు పక్కన నిలబడి నేను కళ్లారా చూశాను. తెర మీద పేగు లోపలి గోడ తడిగా, లేత గులాబీ రంగులో, మన బుగ్గ లోపలి చర్మంలా ఉంది. ఒక మలుపు దగ్గర పుట్టగొడుగులా కాడ మీద నిలిచిన ఎర్రటి బుడిపె. గొట్టంలోంచి సన్నని తీగ ఉచ్చు బయటికి వచ్చి, ఆ కాడ చుట్టూ పడి, మెల్లగా బిగిసింది. కాస్త కరెంటు ఇచ్చారు. కాడ తెల్లబడి తెగిపోయింది. పేగు లోపలి పొరకు కోత నొప్పి తెలియదు కాబట్టి మంచం మీది మనిషి కదల్లేదు. పొట్ట మీద కోత లేదు, కుట్టు లేదు, సంచి లేదు. సాయంత్రం ఆయన ఇడ్లీ తిని ఇంటికెళ్లారు. బావగారికి పదేళ్ల కిందట ఎవరైనా ఇది చేసి ఉంటే అన్న ఆలోచన మీకు వస్తుంది, నాకూ వచ్చింది. కానీ ఆ మాట బావగారి ముందు అనకండి.

క్యాన్సరే బయటపడినా ఎప్పుడు బయటపడిందన్నదాన్ని బట్టి అంతా మారిపోతుంది. పేగు దాటకముందే దొరికితే పదిమందిలో తొమ్మిదిమంది ఐదేళ్ల తర్వాత కూడా బతికి ఉంటున్నారని అమెరికా లెక్కలు. దూరపు అవయవాలకు పాకాక దొరికితే పదిమందిలో ఇద్దరు కూడా మిగలడం లేదు.

సిగ్గు సంగతీ ఉంటుంది, ఆయన మీతో అనకపోయినా. వెనక నుంచి చేసే పరీక్ష అంటే మగవాళ్లు ముడుచుకుపోతారు, సాయంత్రం అరుగు మీద కూర్చునే స్నేహితులు ఏమంటారోనని కూడా ఉంటుంది. కానీ మీ వారు 19వ ఏట భర్తీలో డాక్టర్ల ముందు ఎలా నిలబడ్డారో ఒకసారి గుర్తు చేసుకోమనండి. మొలలు, వరిబీజం, హెర్నియా ఉన్నాయేమోనని బట్టలు విప్పించి, వంగోబెట్టి చూసే పంపిస్తారు. అప్పుడు ఉద్యోగం కోసం నిలబడ్డారు. ఇప్పుడు గౌను వేసి, కప్పి, మత్తు ఇచ్చి చేస్తారు. చాలామందికి లేచాక ఏం జరిగిందో గుర్తు కూడా ఉండదు.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

అబద్ధం చెప్పి తీసుకెళ్లడం కుదరదు. ముందురోజు పేగు శుభ్రం కావడానికి పొడి కలిపిన నీళ్లు లీటర్ల లెక్కన తాగాలి, తెల్లవార్లూ బాత్రూమ్‌కి తిరగాలి, ఆసుపత్రిలో ఆయనే సంతకం పెట్టాలి. గ్యాస్ టెస్టు కాదని మొదటి గ్లాసులోనే తెలిసిపోతుంది. పైగా ఈ పరీక్ష ఒక్కసారితో అయ్యేది కాదు. అంతా బాగున్నా ఐదేళ్లకోసారి చేయించుకోవాల్సి ఉంటుంది. ఒకసారి మోసపోయాననుకున్న మనిషి రెండోసారి రారు. ఒట్టు కూడా నాకు ఇష్టం లేదు. ఒట్టుకు లొంగి ఆయన రావచ్చు, కాదనను. కానీ ఏదైనా బయటపడితే తొమ్మిదో తరగతి అమ్మాయి ‘నా మీద ఒట్టేసినందుకే నాన్నకిలా అయింది’ అనుకునే ప్రమాదం ఉంది. పిల్లల మనసులు అలాగే పనిచేస్తాయి.

బావగారి చేత చెప్పించడం ఒక దారి. నాకు అన్నిటికంటే ఎక్కువ నమ్మకం దీని మీద ఉంది. అయితే ‘తమ్ముడికి నచ్చజెప్పండి’ అని అడగకండి, ఆయనకు అదో బరువవుతుంది. ‘మీకు మొదట ఏం కనిపించింది, ఎన్నాళ్లు పట్టించుకోలేదు?’ అన్నది తమ్ముడికి చెప్పమనండి, అంతే. నా అనుభవంలో చాలామంది ‘నాకూ మొదట రక్తమే, మొలలనుకున్నాను’ అనే చెబుతారు. మీ వారికి మీ మాట సణుగుడులా వినిపించొచ్చు, అన్న మాట అలా వినిపించదు. ఇబ్బంది ఒకటే. కీమో తీసుకున్న వారంలో బావగారికి నీరసం, వాంతులు ఉంటాయి. మధ్యలో తేరుకున్న రోజుల్లో, వీలైతే ఎదురుగా కూర్చుని మాట్లాడించండి. మీరు ఆ గదిలో ఉండకండి.

రెండో దారి పాలీక్లినిక్. ఈసీహెచ్ఎస్, అంటే మాజీ సైనికుల వైద్య పథకం, కార్డు ఇంట్లో ఉందని రాశారు. మీ వారు ఆర్మీ మనిషి, తేదీ, కాగితం, సంతకం ఉంటే కదిలే అలవాటు ఇరవై ఏళ్లది. ఆ పథకం వాళ్ల పాలీక్లినిక్‌లో మెడికల్ ఆఫీసర్‌ని కలిసి, అన్నగారి డిశ్చార్జి కాగితాల జిరాక్స్ చూపించి, రక్తం పడిన సంగతి చెబితే, ఎంప్యానెల్ ఆసుపత్రికి, అంటే ఆ పథకం జాబితాలో ఉన్న ఆసుపత్రికి, రెఫరల్ రాస్తారు. ఆ రెఫరల్ మీద వెళ్తే డబ్బు కట్టే పని ఉండదు. రెఫరల్ లేకుండా నేరుగా వెళ్తే ఖర్చు మీ చేతిది పడుతుంది, ఎమర్జెన్సీ అయితే తప్ప. ఈ దారిలో ఆలస్యం ఉంది, రెండు మూడుసార్లు తిరగాల్సి రావచ్చు, గార్డు డ్యూటీకి సెలవులు అడగాల్సి వస్తుంది. ఆయనకు విసుగొచ్చి మధ్యలో మానేయొచ్చు కూడా. మొదటిసారి మీరు వెంట వెళ్లండి, లేదా నెలకోసారి ఆయనతో ఆర్మీ క్యాంటీన్‌కి వెళ్లే స్నేహితుల్లో కాస్త నిదానస్తుణ్ణి ఒకరిని వెంట పంపండి. 40 దాటిన ఆ స్నేహితులు కూడా తమ ఇళ్లలో ఎవరికైనా ఈ జబ్బు వచ్చిందేమో ఆ వంకతో అడిగి తెలుసుకుంటారు.

మూడోది మల పరీక్ష. కంటికి కనిపించని రక్తాన్ని కూడా పట్టే ‘ఫిట్’ అనే పరీక్ష ఉంది. చిన్న పుల్లతో కొంచెం నమూనా తీసి ల్యాబుకి ఇవ్వడమే. ఏ లక్షణమూ లేని, కుటుంబంలో ఎవరికీ రాని మనిషికి ఏడాదికోసారి ఇది మంచి పరీక్ష. మీ వారికి మాత్రం ఇది సరిపోదు. రక్తం పడిన సంగతి మనకు తెలుసు, అన్నగారి సంగతీ తెలుసు. ఇందులో నెగటివ్ వస్తే ‘చూశావా, నేను చెప్పలేదా’ అని ఆ కాగితం ఫ్రేము కట్టిస్తారు. ఆ తప్పుడు ధైర్యమే నాకు భయం. మిగతా దారులన్నీ మూసుకుపోయి, ఆయన దీనికి మాత్రమే ఒప్పుకుంటే చేయించండి. పాజిటివ్ వస్తే తర్వాత కొలనోస్కోపీయేనని ముందే ఒప్పించి మరీ చేయించండి.

నాలుగోది ఆగడం. బావగారి కీమో అయిపోయాక, లేదా పంట చేతికొచ్చాక అని రెండు మూడు వారాలు ఆగితే నష్టం లేదు. ‘వచ్చే ఏడు చూద్దాం’ అంటే ఉంది. ఈలోగా మళ్లీ రక్తం పడినా, మోషన్ అలవాటు మారి రెండు మూడు వారాలు అలాగే ఉన్నా, మలం నల్లగా తారులా వచ్చినా, కారణం లేకుండా బరువు తగ్గినా, ఎప్పుడూ లేనిది పరుగులో ఆయాసం వచ్చినా ఇక ఆగకూడదు. ఆ వారంలోనే చూపించాలి.

ఆయన ససేమిరా అంటే? అప్పుడూ మీ చేతిలో ఒకటుంది. మామూలు రక్త పరీక్ష. బీపీ, షుగర్ చూపించుకుందాం రండి, నేనూ చేయించుకుంటాను అని చెప్పి ఇద్దరూ వెళ్లండి. ఇది అబద్ధం కాదు, 42 ఏళ్ల మనిషికి అవీ కావాలి. అందులో హిమోగ్లోబిన్ ఎంతుందో చూడండి. ఐరన్ తగ్గి రక్తహీనత మగవాళ్లలో కనిపిస్తే, ఎక్కడో నెమ్మదిగా రక్తం పోతోందేమోనని పేగులు చూడకుండా వదలకూడదు. చేతిలో అంకె ఉంటే డాక్టరు కూడా గట్టిగా చెప్పగలుగుతారు. హిమోగ్లోబిన్ బాగున్నంత మాత్రాన కొలనోస్కోపీ అక్కర్లేదని మాత్రం కాదు. అంతకు మించి, ఆయన పెద్దమనిషి. ఒద్దనే హక్కు ఆయనకుంది. ఆ హక్కు ముందు మీరు ఓడిపోయినా అది మీ తప్పు కాదని ఇప్పుడే చెబుతున్నాను.

ఆర్మీ క్యాంటీన్ కోటాలో వచ్చే మద్యం గురించి మీరు ఒక పేజీ రాశారు. మందు, పొగాకు రెండూ ఈ క్యాన్సర్ ముప్పును పెంచేవే, మీ కోపం న్యాయమైనదే. కానీ ఈ నెలలో ఆ గొడవ తేకండి. రెండూ కలిపితే ఆయన మందు గురించి వాదించి, పరీక్ష సంగతి దాటేస్తారు.

పరీక్ష ప్రమాదమా అని ఆయన అడిగితే దాచొద్దు. పేగుకు చిల్లు పడటం, ఆగని రక్తస్రావం జరగొచ్చు. పేగుకు చిల్లు పడేది వెయ్యిమందిలో ఒకరికంటే తక్కువమందికే. బుడిపె తీసినప్పుడు రక్తస్రావం అవకాశం కొంచెం ఎక్కువ. అందుకే చేయి తిరిగిన చోట చేయించుకోవాలి. నిజానికి కష్టం పరీక్షలో లేదు, ముందు రాత్రి ఉంది. రెండు మూడు రోజుల ముందు నుంచి రాగి సంగటి, ఆకుకూరలు, జామకాయ, గింజలున్న కూరలు ఆపేసి తెల్లన్నం, పెరుగు, ఇడ్లీ లాంటివి పెట్టండి. ముందురోజు ఆసుపత్రి వాళ్లు చెప్పినట్టు కొబ్బరినీళ్లు, తేరిన చారునీళ్లు. ఎర్రరంగు జ్యూసులు వద్దు, లోపల రక్తంలా కనిపిస్తాయి. ఆ పొడి కలిపిన నీళ్లు ఉప్పగా, జిడ్డుగా ఉంటాయి. చల్లగా చేసి ఇస్తే కాస్త దిగుతాయి. ఐరన్ మాత్రలు, రక్తం పల్చబడే మాత్రలు ఏమైనా వాడుతుంటే వారం ముందే డాక్టరుకి చెప్పాలి. మత్తు ఇస్తారు కాబట్టి ఆ రోజంతా ఆయన బండి ముట్టుకోకూడదు. బ్యాంకులో మర్నాటికి కూడా సెలవు చెప్పించండి, తుపాకీ పట్టే ఉద్యోగం.

అత్తగారిని తప్పుపట్టకండి. భర్త పోయారు, పెద్దకొడుకు అలా ఉన్నాడు, ఆ పేరు వినే ఓపిక ఆమెకు లేదు. కానీ ఆమె దగ్గర మీకు కావాల్సిన సమాచారం ఉంది. మామగారికి ఎన్నో ఏట వచ్చింది, కడుపు ఉబ్బిందా, రక్తం పడిందా, ఎక్కడ చూపించారు, ఆయన అక్కచెల్లెళ్లలో గర్భసంచి క్యాన్సర్‌తో ఎవరైనా పోయారా? పప్పు బాగుచేస్తున్నప్పుడో, పూలు కడుతున్నప్పుడో నెమ్మదిగా అడగండి. కొన్ని కుటుంబాల్లో పేగు, గర్భసంచి క్యాన్సర్లు కలిసి తరం నుంచి తరానికి దిగుతాయి. దాన్ని లించ్ సిండ్రోమ్ అంటారు. బావగారి ఆపరేషన్‌లో తీసిన ముక్క మీద, ఈ వంశపారంపర్య జబ్బు జాడ చూసే ‘ఎంఎంఆర్’ పరీక్ష చేశారా అని ఆయన క్యాన్సర్ డాక్టరుని అడగమనండి. ఆ ముక్కను ల్యాబు మైనంలో భద్రపరుస్తుంది, ఇప్పుడైనా చేయొచ్చు. అదే అని తేలితే బావగారి పిల్లలు 20, 25 ఏళ్ల నుంచే పరీక్షలు మొదలుపెట్టాలి, ఏడాదికో రెండేళ్లకో ఒకసారి. కాదని తేలితే వాళ్లకు 37 దాకా సమయం ఉంది. మీ పిల్లల లెక్క మీ వారి రిపోర్టు చూశాక తేలుతుంది.

చివరగా, ఆరు పేజీల్లో ఒక్క లైనులో కనిపించి మాయమైన మనిషి ఒకరున్నారు. ‘మా ఆడపడుచు పండక్కి వచ్చినప్పుడు వాళ్లన్నని చూసి ఏడ్చింది’ అన్నారు. ఆమె వయసు రాయలేదు. ఆమె కూడా ఆ తండ్రి బిడ్డే, ఆ అన్న చెల్లెలే. డాక్టరు తోడబుట్టిన వాళ్లందరూ అన్నప్పుడు అందులో ఆమె కూడా ఉంది. ఆర్మీ కార్డు ఆమెకు వర్తించదు కాబట్టి వాళ్ల ఊళ్లో ఆరోగ్యశ్రీలోగానీ, ప్రభుత్వ బోధనాసుపత్రిలోగానీ ఏం వీలవుతుందో ఇప్పటి నుంచే కనుక్కోమనండి. మీ వారి పరీక్ష అయ్యాక రిపోర్టు నోటిమాటగా కాకుండా కాగితం మీద తీసుకోండి. పేగు చివరి దాకా చూశారా, శుభ్రంగా కనిపించిందా, ఏదైనా తీస్తే దాని సైజు, బయాప్సీ ఫలితం, మళ్లీ ఎప్పుడు రావాలి, అన్నీ అందులో ఉండాలి. దాన్ని రెండు జిరాక్సులు తీయించండి. ఒకటి ఆయన ఆర్మీ డిశ్చార్జి బుక్కు పక్కన పెట్టండి, రెండోది మీ ఆడపడుచుకి పంపండి.